ముందు మూల చూపించు

మా పై వాటాలో పదో తరగతి చదివే పిల్ల ఒకర్తి ఉంది. మొన్న పొద్దున్న నేను డాబా మీద బట్టలు ఆరేసుకుంటుంటే, అది పిట్టగోడ పక్కన అటూ ఇటూ తిరుగుతూ, కళ్ళు మూసుకుని, "రూట్ ఆఫ్ ఎక్స్ టూ మైనస్ ఎక్స్ వన్ హోల్ స్క్వేర్, ప్లస్ వై టూ మైనస్ వై వన్ హోల్ స్క్వేర్" అని వల్లె వేస్తోంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోవడం లేదు. నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ చలిజ్వరం. అయినా నోరు ఊరుకోక, "ఏమ్మా, ఇంతకీ మూల ఎక్కడుంది?" అన్నాను.

"మూలేంటి తాతగారూ?"

"రెండు చుక్కలున్నాయి. వాటి మధ్య దూరం కావాలి. అంతేగా? మరి మూల ఏదీ?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "అలాంటివి అడగరండి. ఫార్ములా రాసి అంకెలు వేసేస్తే ఫుల్ మార్కులు" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నాకు అంతకు మించి తెలిస్తే కదా, వాదించడానికి! ఖాళీ బకెట్టు పుచ్చుకుని కిందికి వచ్చేశాను. కానీ ఆ రోజు పేపరు చదవబుద్ధి కాలేదు, అన్నం సయించలేదు. ఆ ప్రశ్న నాది కాదు. చాలా ఏళ్ళు నాతో ఒకే బడిలో పనిచేసిన లెక్కల టీచరు గారిది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. గుణదలలో మట్టి ఇచ్చి వచ్చాం. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా ఆవిడ మెచ్చుకునే మనిషి కాదు. పరీక్ష పేపరు మీద పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద లెక్క ఎగ్గొట్టిన వాళ్ళను పట్టుకుని, "పేరుకు మార్కుల్లేవు నాయనా, స్టెప్పులకే" అనేవారు.

మా బడి విజయవాడ నుంచి కాలువ వెంట బస్సులో గంట ప్రయాణం. ఇద్దరం రోజూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆవిడకు కాలువ వైపు కిటికీ సీటు కావాలి. ఎవరైనా అందులో కూర్చుంటే పోట్లాడేవారు కాదు, పక్కన నిలబడి వాళ్ళ వంక అదేపనిగా చూసేవారు. రెండు స్టాపులు దాటేసరికి వాళ్ళే లేచిపోయేవారు. కూర్చున్నాక వేలితో కిటికీ అద్దం మీద గీతలు మొదలు. "మాస్టారూ, అదుగో ఆ పంపు షెడ్డు, ఆ తాటిచెట్టు. మధ్య దూరమెంతో చెప్పాలంటే మనం ఎక్కడ నిలబడాలి?" నేను నిద్ర నటించేవాణ్ణి. "నిద్రపోయేవాళ్ళు కనురెప్పలు ఆడించరండీ" అనేవారు. ఇక లాభం లేక, "మూల దగ్గర" అనేవాణ్ణి. ఏ ప్రశ్నకైనా ఆ జవాబు చెప్తే సగం మార్కులు ఖాయమని నాకు మొదటి నెల్లోనే అర్థమైపోయింది.

క్లాసులో ఆవిడ ఫార్ములా పేరు ఎత్తనిచ్చేవారు కాదు. బోర్డు మీద ఈ చివర ఒక చుక్క, ఆ చివర పైన ఒక చుక్క పెట్టి, కొత్త సుద్దముక్కను రెండుగా విరిచి, ఒక ముక్క పిల్లలకు ఇచ్చేవారు. "ముందు మూల చూపించు." ఒక చుక్క నుంచి అడ్డంగా రావాలి, రెండో చుక్క నుంచి నిటారుగా దిగాలి. రెండు గీతలూ కలిసిన చోట మూల. అడ్డగీత ఒక భుజం, నిలువుగీత ఒక భుజం. ఒక్కోదాన్ని దానితోనే హెచ్చవేసి, రెండూ కలిపి, ఆ మొత్తానికి వర్గమూలం కడితే, మూలకు ఎదురుగా ఏటవాలుగా ఉండే గీత ఎంతో తెలుస్తుంది. దాన్ని పుస్తకం కర్ణం అంటుంది. రెండు చుక్కల మధ్య దూరం అదే. ఇదంతా నాకు ఎలా తెలుసంటే, మా క్లాసుల మధ్య గోడ పైకప్పు దాకా ఉండేది కాదు. నేను ఇటు ఉత్పలమాల చెప్తుంటే అటు నుంచి మూలలు వచ్చి పడేవి.

"సూత్రం వండి వడ్డించిన అన్నంరా. ఒకరోజు వడ్డించేవాళ్ళు లేకపోతే ఏం చేస్తారు? పస్తుంటారా?" ఈ మాట ఏటా వినేవాణ్ణి. ఏటా ఒక వెధవ, "హోటల్‌కెళ్తామండి" అనేవాడు. ఆవిడ పడీపడీ నవ్వి వాణ్ణే బోర్డు దగ్గరికి పిలిచేవారు.

నన్ను ఏడిపించడం ఆవిడకు సరదా. "మీరు గురువులు, లఘువులు లెక్కపెడతారు, గణాలు కడతారు, యతి ఎన్నో అక్షరమో చూస్తారు. ఇంత లెక్క చేసే మనిషికి లెక్కలంటే భయమేంటండీ?" అనేవారు. నేను ఏదో పెద్ద మాట అని తప్పించుకునేవాణ్ణి. ఒకసారి మాత్రం దొరికిపోయాను. మా ఆవిడ కొత్త టీవీ కొనాలని పట్టుబట్టింది. నలభై మూడు అంగుళాలది అనుకున్నాం. నేను ముందుచూపు గలవాణ్ణి కదా, వడ్రంగిని పిలిచి నలభై మూడు అంగుళాల వెడల్పుతో గోడకు అల్మరా కట్టించాను. గవర్నర్‌పేటలో టీవీ కొని తెచ్చి అందులో పెడితే అటు మూడు వేళ్ళు, ఇటు మూడు వేళ్ళు ఖాళీ. కొట్టువాడు చిన్న టీవీ అంటగట్టాడని నేను నిప్పులు కక్కుతూ స్టాఫ్‌రూమ్‌లో చెప్తుంటే, టీచరు గారు టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మాస్టారూ, టీవీని ఈ మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా కొలుస్తారండీ. మీరు కర్ణానికి అల్మరా కట్టించారు."

ఆ వార్త సాయంత్రానికి పిల్లలకు కూడా తెలిసిపోయింది. మా ఆవిడ ఆ ఖాళీల్లో అటు వినాయకుణ్ణి, ఇటు వెంకటేశ్వరస్వామిని పెట్టి నా పరువు కాపాడింది.

టీచరు గారికి తన విద్య లోకమంతటా కనిపించేది. బడి విడిచిపెట్టగానే పిల్లలు ఆటస్థలానికి అడ్డంపడి గేటు వైపు పరుగెడుతుంటే మెట్ల మీద నిలబడి, "చూశారా, అందరికీ కర్ణం తెలుసు, పరీక్షలో తప్ప" అనేవారు. గవర్నర్‌పేటలో ఆటో ఎక్కితే, "రెండు భుజాలూ చుట్టబెట్టకు బాబూ, ఏటవాలుగా ఏ సందులోనైనా పోనీ" అనేవారు. "అక్కడ వన్‌వే అమ్మా" అని డ్రైవరు విసుక్కుంటే నొచ్చుకుని కూర్చునేవారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పాత విద్యార్థి ఒకడు నా స్కూటరు చూసిపెడుతుంటాడు. వాడు చెప్పాడు: "ఫ్రేము వేశాక ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి టేపు పట్టి చూస్తామండి. రెండూ సమానం రాకపోతే టీచర్ గారు వెనకాల నిలబడి మూతి ముడిచినట్టే ఉంటదండి." మూతి ముడవడం ఆవిడ వేసే శిక్షల్లో అన్నిటికన్నా పెద్దది.

ఇవన్నీ చెప్పి ఆవిణ్ణి ఏదో నవ్వులాట మనిషిని చేస్తున్నానేమో. ఆవిడ పట్టుదల గురించి కూడా చెప్పాలి. ఆవిడ పేపర్లు ఆకుపచ్చ ఇంకుతో దిద్దేవారు. తప్పు లెక్కను కొట్టేసేవారు కాదు, పక్కన "మూల ఏదీ?" అని రాసి ఊరుకునేవారు. ఒప్పు లెక్క జోలికి మాత్రం ఎవరినీ రానిచ్చేవారు కాదు. పిల్లలు ఒక్కోసారి భయపడి సరైన జవాబును కూడా కొట్టేసి ఇంకోటి రాస్తుంటారు కదా, అది చూస్తే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. "ఒప్పు లెక్కని ఎవరి కోసమూ కొట్టెయ్యొద్దు. నేనడిగినా కొట్టెయ్యొద్దు" అని క్లాసంతటి చేతా అనిపించేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి, పుస్తకంలో ఉన్న ఫార్ములా చెప్పకుండా బొమ్మలు గీయిస్తున్నారని అభ్యంతరం పెట్టి, సంజాయిషీ రాసివ్వమన్నాడు. మా హెడ్మాస్టరు, "ఏదో పొరపాటైందని ఒక ముక్క రాసి పడెయ్యండమ్మా, పోయేదేముంది" అని బతిమాలాడు. ఆవిడ ఒక ముక్కే రాసిచ్చారు. "నేను చెప్పింది తప్పు కాదు." కింద సంతకం. హెడ్మాస్టరు దాన్ని పైకి పంపే ధైర్యం లేక సొరుగులో పెట్టుకున్నాడు. ఆ సంవత్సరం ఆవిడకు రావలసిన ఉత్తమ ఉపాధ్యాయిని పురస్కారం ఇంకెవరికో వెళ్ళింది. ఆవిడ ఆ సభకు వచ్చి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఇక ఆ అమ్మాయి సంగతి.

కాలువ అవతలి ఒడ్డున, పొలాల మధ్య చిన్న పల్లె ఒకటి ఉంది. అక్కడి నుంచి మా బడికి సైకిలు మీద వచ్చేది ఆ పిల్ల. కౌలు రైతు కూతురు. పల్లె నుంచి, కాలువ నీళ్ళు ఆపి వదిలే లాకుల దాకా ఒక మట్టి రోడ్డు తిన్నగా వస్తుంది. ఆ లాకుల మీదే వంతెన. వంతెన దాటి, కాలువ గట్టు వెంట మళ్ళితే మా బడి. తొమ్మిదో తరగతిలో టీచరు గారు ఒకరోజు ఆ పిల్లను లేపి, "మీ ఊరి నుంచి లాకులకెంత?" అని అడిగారు. "మూడు కిలోమీటర్లండి." "లాకుల నుంచి మన బడికి?" "నాలుగండి." గోడకు ఇటువైపు నాకు సుద్దముక్క కిందపడిన చప్పుడు వినిపించింది. ఆవిడకు అంత సంతోషం వేసింది. మూడు, నాలుగు, లాకుల దగ్గర చక్కటి లంబకోణం! మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే ఇరవై ఐదు, అంటే ఐదు ఐదులు. దూరం సరిగ్గా ఐదు, చిల్లర లేకుండా. "దేవుడు మనకోసం పొలాల్లో త్రిభుజం గీసి పెట్టాడమ్మా!" అన్నారు. ఆ రోజు నుంచి ఆ పల్లె, లాకులు, మా బడి ఆవిడ పాఠంలో శాశ్వతంగా ఉండిపోయాయి. అమ్మాయి కూడా లెక్కల్లో క్లాసులో మొదటిదైంది.

పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. మా బడి ప్రహరీకి ఆనుకునే జూనియర్ కాలేజీ, దాని వెనక ఆడపిల్లల హాస్టలు. ఇంటర్లో ఎంపీసీ తీసుకుంటానంది. వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"చదివించాలనే ఉందండి మాస్టారూ. కాలేజీ అయ్యేసరికి పొద్దుగూకిపోద్దంట. ఆ గట్టు మీద ఆడపిల్ల ఒక్కత్తీ ఎట్టా వస్తదండీ? హాస్టల్లో సీటొస్తే చదువుద్ది. రాకపోతే మాన్పించేస్తానండి, ఇంక నావల్ల కాదు."

మనిషి మంచివాడే. చెప్పింది చేసే రకం. అందుకని నేనే దగ్గరుండి ఇద్దరినీ హాస్టల్ వార్డెన్ దగ్గరికి తీసుకెళ్ళాను. మంచాలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఆ ఏడు అక్కడ పెట్టుకున్న నియమం ఏమిటంటే, కాలేజీకి ఐదు కిలోమీటర్లు దాటిన ఊళ్ళ వాళ్ళకే సీటు, అందులోనూ దూరం ఎక్కువైన వాళ్ళకు ముందు. వార్డెన్ గారు అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి ఆప్యాయంగానే అడిగారు.

"మీ ఇంటికీ కాలేజీకీ ఎంత దూరమమ్మా?"

"సరిగ్గా ఐదు కిలోమీటర్లండి."

"సరిగ్గానా? ఎలా చెప్పగలవు?"

అమ్మాయి బల్ల మీద వేలితో మూల గీసి, మూడు, నాలుగు, తొమ్మిది, పదహారు, ఇరవై ఐదు అని గడగడా చెప్పేసింది. వార్డెన్ గారు ఫోన్‌లో మ్యాపు తెరిచి, ఇక్కడి నుంచి అక్కడికి గీత లాగి చూశారు. ఐదే! "భేష్, ఎవరు నేర్పారమ్మా నీకు?" అంటూ ఐదు అని రాసుకున్నారు. నేను మీసం మెలేసినంత పని చేశాను. వాళ్ళ నాన్న కూడా పొంగిపోయాడు. ముగ్గురం నవ్వుకుంటూ బయటికొచ్చాం. నేను సరాసరి స్టాఫ్‌రూమ్‌కు వెళ్ళి, "మీ శిష్యురాలు వార్డెన్ గారిని నోరెత్తనివ్వలేదండీ. టకామని ఐదు అని చెప్పేసింది" అన్నాను.

టీచరు గారు పెరుగన్నం తింటున్నారు. ముద్ద చేతిలో ఆగిపోయింది.

"ఐదా? ఐదు దాటితేనే కదండీ సీటు?"

"ఆ... కానీ ఐదే కదండీ మరి? మీరే కదా..."

"అది కాకికండీ మాస్టారూ! పిల్ల కాలువ మీద ఎగిరి వస్తుందా? మూడూ నాలుగూ ఏడు!"

మూడూ నాలుగూ ఏడని నాకు తెలుసు. ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు. ఆ గదిలో అంతమందిమి ఉన్నా ఎవరికీ ఆ కూడిక తోచలేదు. ఆవిడ చెయ్యి కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని వార్డెన్ గదికి వెళ్ళారు. ఆవిడకు అప్పటికే మోకాలు నొప్పి. అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

వార్డెన్ గారు ఓపిగ్గా విన్నారు. "మ్యాపులో కూడా ఐదే చూపించిందండీ. పిల్లే చెప్పింది. అందరికీ అలా గీత లాగే చూశాను. ఇప్పుడు ఒక్కళ్ళకి దారి లెక్క కడితే మిగతావాళ్ళు ఊరుకుంటారా?"

"సరే, గీత మీదే వెళ్దాం. ఒక్క నిమిషం రండి మేడమ్."

హాస్టల్ వెనక గేటు తీస్తే కాలువ. కొత్తగా నీళ్ళు వదిలారేమో, ఎర్రగా, గట్టు నిండా పారుతోంది. అవతల పొలాలు, వాటి చివర ఆ పల్లె చర్చి తెల్లగా, చిన్నగా కనిపిస్తోంది. టీచరు గారు రేవు మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆఖరి మెట్టు మీద నీళ్ళల్లో నిలబడ్డారు. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. వెనక్కి తిరిగి చెయ్యి చాపారు.

"పదండి మేడమ్, ఐదే కదా."

వార్డెన్ గారికి నవ్వొచ్చింది, భయమూ వేసింది. "పైకి రండి తల్లీ, జారతారు! నాకర్థమైంది, రండి" అని తనే రెండు మెట్లు దిగి చెయ్యి అందించారు. అందరికీ నడిచే దారే చూస్తానని, పొద్దున్న వచ్చిన వాళ్ళందరినీ మళ్ళీ అడుగుతానని చెప్పారు. మంచి మనిషి. "కానీ ఈ పిల్లది ఐదు అని పైకి పంపేశానండీ. ఇప్పుడు ఏడు అంటే ఎందుకు మారిందని అడుగుతారు. దూరం తప్పు చెప్పానని పిల్ల ఒక కాగితం రాసి సంతకం పెడితే చాలు, మార్చేస్తాను."

ఇంతేనా అనుకున్నాను. మర్నాడు తండ్రీ కూతుళ్ళను పిలిపించాం. కాగితం నేనే రాశాను. అలాంటివి రాయడంలో నాది అందెవేసిన చెయ్యి. "దూరం చెప్పడంలో నేను చేసిన తప్పును మన్నించి" అని మొదలుపెట్టి వినయంగా ముగించాను. అమ్మాయి అది చదివింది. పెన్ను తీసుకోలేదు.

"నా లెక్క తప్పు కాదండి."

"తప్పని కాదే తల్లీ, ఊరికే రాయమంటున్నారు" అన్నాడు వాళ్ళ నాన్న. "ఒక్క సంతకం పెట్టెయ్యి. సీటొచ్చేస్తది."

"ఎక్కడ తప్పో చూపిస్తే పెడతానండి." కళ్ళు నిండుతున్నాయి, చేతులు మాత్రం వెనక్కి కట్టుకుంది. "మూడు మూళ్ళు తొమ్మిది. నాలుగు నాలుగులు పదహారు. టీచర్ గారు ఉన్నారు కదండీ, అడగండి. ఒప్పు లెక్కని ఎవరడిగినా కొట్టెయ్యొద్దన్నారు."

నాకు ఆ పిల్లను ఒక్కటి వేద్దామనిపించింది. రెండేళ్ళ చదువు ఒక సంతకం మీద ఆగిపోయింది. వాళ్ళ నాన్న మొహం మాడిపోతోంది, ఇక లేచి వెళ్ళిపోయేలా ఉన్నాడు. నేను టీచరు గారి వైపు చూశాను. మీరు ఒక్కమాట చెప్తే పెడుతుంది, చెప్పండి, అని కళ్ళతోనే బతిమాలాను. ఆవిడ అమ్మాయినే చూస్తున్నారు. ఆ చూపులో ఎంత గర్వముందో అంత దిగులూ ఉంది. పెట్టమంటే ఆ పిల్ల పెట్టేదే. ఆవిడ ఆ మాట అనలేదు.

నేను రాసిన కాగితాన్ని పక్కకు జరిపి, సంచీలోంచి తెల్ల కాగితం, ఆకుపచ్చ పెన్ను తీశారు. "విద్యార్థిని చేసిన లెక్క ఒప్పు" అని మొదటి వాక్యం రాశారు. ఆగారు. రెండో వాక్యానికి చాలాసేపు పట్టింది. నేను తల వంచి చదివాను. "ఇంటికీ బడికీ మధ్య దూరమంటే ఏమిటో నేను తప్పు చెప్పాను. వచ్చిపోయే దారి ఏడు కిలోమీటర్లు."

"అంత మాట ఎందుకండీ? చిన్న పొరపాటు జరిగిందని రాయండి, చాలు" అన్నాను, ఉండబట్టలేక.

"పొరపాటు జరిగితే ఎవరో ఒకరు చేసే ఉంటారు కదా మాస్టారూ. ఆ పేరు కూడా ఉండాలి" అని సంతకం పెట్టారు. పురస్కారం పోయినా రాయని ముక్కను ఆవిడ ఒక కౌలు రైతు కూతురి సీటు కోసం రాసిచ్చారు. అంతవరకూ ఆవిడ అంటే నాకు ఇష్టం, కొంచెం బెదురు. ఆ క్షణం నుంచి గౌరవం. వయసులో నాకన్నా చిన్న, లేకపోతే కాళ్ళకు దణ్ణం పెట్టేవాణ్ణి.

వార్డెన్ గారు కాగితం చదివి, ఐదు కొట్టేసి ఏడు వేశారు. సీటు వచ్చింది.

హాస్టల్లో చేరే రోజున వాళ్ళ నాన్న ట్రంకు పెట్టె, బొంత, చాప ఆటోలో వేసుకొచ్చి గేటు దగ్గర దింపాడు. ఆటోవాడికి తొందరగా వెళ్ళాలట, తండ్రి కూడా అదే ఆటోలో వెనక్కి వెళ్ళిపోయాడు. టీచరు గారు, నేను బస్సు దిగి అటే వెళ్ళాం. అమ్మాయి మమ్మల్ని చూసి నిలబడింది గానీ, నవ్వలేదు. ఆ కాగితం రాసినప్పటి నుంచీ ఆవిడతో మాట్లాడటం లేదని నాకు తెలుసు. చివరికి అడిగేసింది.

"మీరెందుకు రాశారండీ అలా? మీరేం తప్పు చెప్పలేదు కదా. నా కోసం అబద్ధం రాశారు."

టీచరు గారు మోకాలు పట్టుకుని ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు. అమ్మాయిని దగ్గరికి లాక్కుని, ఎగిరిపోతున్న జుట్టు చెవి వెనక్కి సర్దారు.

"అబద్ధం కాదే. ఆ రోజు నువ్వు లేచి మూడు, నాలుగు అని చెప్పినప్పుడు నాకు ఐదు కనపడింది. ఎంత మురిసిపోయాననుకున్నావ్! రెండేళ్ళు అందరికీ చెప్పుకుని మురిశాను. నువ్వు ఏడు తొక్కుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నావని, సాయంత్రం మళ్ళీ ఏడు తొక్కుకుంటూ వెళ్తావని, ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. దాన్ని తప్పనక ఇంకేమంటారు తల్లీ?"

నేను అటు తిరిగి కాలువ చూస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి ఆవిడ లేచి, పెట్టెకు ఒక పక్క పిడి పట్టుకుని, "నువ్వు ఆ చివర పట్టుకో" అన్నారు. నేను సాయం పడతానంటే వద్దన్నారు. మోకాలు నొప్పికి ప్రతి నాలుగడుగులకీ ఆగుతూ, ఇద్దరూ కలిసి దాన్ని మెట్లెక్కించి లోపలికి తీసుకుపోయారు.